రైతు వృద్ధాప్యము: నడి సంవత్సరమున చూచుకొనవలసిన లెక్క

ఉగాదినాడు గుడి మంటపమున పంచాంగ శ్రవణము జరుగును. ఏ రాశివారికి ఆదాయమెంత, వ్యయమెంత అని ఊరివారందరును చెవులొగ్గి విందురు. ఆదాయము 2, వ్యయము 14 అని వినినవాడు చిన్నబోయిన ముఖముతో ఇంటికి పోవును. ఆదాయము 14, వ్యయము 2 అని వినినవాడు మీసము దువ్వుకొనును. కాని ఆ సాయంకాలము కాగితము, కలము తీసికొని, "నా యింటి నిజమైన ఆదాయమెంత? వ్యయమెంత? నాకు 60 ఏండ్లు నిండిన పిమ్మట ఈ రెండును ఎట్లుండును?" అని లెక్క వేయువారు మనలో ఎందరు?

వేయువారు బొత్తిగా లేకపోలేదు. అయితే వారిలోను పెక్కుమంది ఒకమారు వేసి, ఆ కాగితమును పెట్టెలో పెట్టి, మరల తీయరు. విత్తిన పిమ్మట కోతల వరకు పొలము గట్టు తొక్కని రైతును మనమేమందుము? వరికి చిరుపొట్ట దశలో వేసిన పై ఎరువు గింజకు పట్టును. కోతనాడు వేసినది ఎవరికిని పనికిరాదు. ముసలితనమునకు చేసికొన్న ఏర్పాటు కూడ పైరువంటిదే. దానిని దిద్దుకొనుటకు వ్యవధి యుండగానే నడుమ నొకమారు చూడవలెను. ఈ సంగతిని రైతు సోదరులకు మనవి చేయుటకే ఈ వ్యాసము వ్రాయుచున్నాము.

మేము చూచిన యొక సంగతి

కొన్ని ఏండ్ల క్రిందట కాలువ క్రింది యొక గ్రామమున సహకార సంఘ కార్యాలయములో కూర్చుండి సభ్యులతో ఎరువుల మాట చెప్పుచుంటిమి. అప్పుడొక పెద్ద రైతు వచ్చెను. ఆయనకు 70 ఏండ్లు దాటినవి. ఆరెకరముల మాగాణిని స్వయముగా సేద్యము చేసినవాడు. ఆయన కార్యదర్శిని చూచి, "బాబూ, నా పేర పంట అప్పేమైన పుట్టునా?" అని అడిగెను. కార్యదర్శి అడంగలు చూచి, నెమ్మదిగా, "పెదనాన్నగారూ, మీ పేర ఒక్క సెంటు కూడ లేదండీ" అనెను.

పెద్దాయన ఆశ్చర్యపడలేదు. "ఎరుగుదును బాబూ. వ్రాసియిచ్చినవాడను నేనే గదా. అయినను ఒకమారు అడిగి చూతమని వచ్చితిని" అని బల్లమీద కూర్చుండెను. ఆరేండ్ల క్రిందట ఆయన తన భూమినంతయు ఇద్దరు కుమారులకు దాన పత్రములతో వ్రాసియిచ్చెను. పెద్దవాడు రొయ్యల చెరువు త్రవ్వి నష్టపడగా అతని భాగము తాకట్టులో పడెను. చిన్నవాడు హైదరాబాదులో చిన్న జీతగాడు. అతడు తన చేతనైనది పంపును, అది తల్లి మందులకు చాలదు. "కొడుకులను తప్పు పట్టుటకు నాకు నోరు రాదు బాబూ. వాండ్రకే లేనప్పుడు నాకేమి పెట్టుదురు?" అని పెద్దాయన అనెను. ఆ మాట మాకు నేటికిని చెవులలో మ్రోగుచున్నది.

తల్లిదండ్రులను వీధిలోకి తరిమిన దుర్మార్గుల కథలు మనము వినుచునే యున్నాము. ఇది అట్టిది కాదు. మంచి కుమారులు కూడ చితికిపోవచ్చును. కావున సంతానముయొక్క సద్బుద్ధిని మాత్రమే నమ్ముకొని ముసలితనము గడపజూచుట, వాననే నమ్ముకొని ఆకుమడి పోయుటవంటిది.

ఎప్పుడు చూడవలెను?

దసరాకు ఆయుధ పూజ చేయుదుము. నాగలి, పార, కొడవలి, నేడు ట్రాక్టరును కూడ కడిగి బొట్టు పెట్టుదుము. ఆ దినములలోనే పెట్టెలోని కాగితములను కూడ బయటికి తీయుడని మా సలహా. సర్కారు లెక్కల సంవత్సరము ఏప్రిలు 1న మొదలై మార్చి 31న ముగియును. దానిలో సగము సెప్టెంబరు 30కి పూర్తియగును. సార్వా పైరు ఎట్లున్నదో దసరా నాటికి కంటికి కనబడును. దాళ్వాకు పెట్టుబడి ఇంకను పెట్టలేదు. కావున ఏమైన మార్చవలసియున్నచో అది తగిన అదను. భార్యాభర్తలిద్దరును కలిసి కూర్చుండి చూడవలెను. ఇంటి ఖర్చు గృహిణికి తెలిసినట్లు మరియొకరికి తెలియదు. అంతేకాక, భర్త గతించినచో ఆ కాగితములతో తిరుగవలసినది ఆమెయే.

మొదటిది: ఎంత కావలెను?

నేడు భార్యాభర్తలిద్దరికి తిండి, బట్ట, మందులు, విద్యుత్తు, పెండ్లి పేరంటములు కలిపి నెలకెంత యగుచున్నదో వ్రాయుడు. అది నెలకు 10,000 రూపాయలనుకొందము. ధరలు ఏటేట నూటికి 6 చొప్పున పెరిగినచో 12 ఏండ్లకు రెట్టింపగును. అనగా నేడు 48 ఏండ్ల రైతుకు 60 వచ్చునప్పటికి అదే కాపురమునకు 20,000 కావలెను. 72 ఏండ్లకు 40,000 కావలెను. చాలమంది రైతులు నేటి ఖర్చునే రేపటి ఖర్చుగా భావించుటవలన మోసపోవుచున్నారు. ఈ మొదటి అంకెను ప్రతి సంవత్సరమును తిరిగి వ్రాయవలెను.

రెండవది: పింఛను పథకములు

2019 సెప్టెంబరులో కేంద్ర ప్రభుత్వము ప్రారంభించిన కిసాన్ మాన్‌ధన్ యోజన చిన్న, సన్నకారు రైతులకు ఉద్దేశింపబడినది. 2 హెక్టార్ల వరకు, అనగా సుమారు 5 ఎకరముల వరకు సాగుభూమి కలిగి, 18 మొదలు 40 ఏండ్ల లోపు వయస్సున్నవారు చేరవచ్చును. 18 ఏండ్లకు చేరినవారు నెలకు 55 రూపాయలు, 29 ఏండ్లకు చేరినవారు 100, 40 ఏండ్లకు చేరినవారు 200 కట్టవలెను. అంతే మొత్తమును కేంద్రము కలుపును. 60 నిండిన పిమ్మట నెలకు 3,000 రూపాయల పింఛను వచ్చును. పింఛనుదారు గతించినచో భార్యకు లేక భర్తకు అందులో సగము వచ్చును. సంవత్సరమునకు మూడు విడతలుగా వచ్చు పీ.ఎం. కిసాన్ 6,000 రూపాయలనుండియే ఈ చందా పట్టుకొనునట్లు ఒప్పుదల ఇయ్యవచ్చును.

2015లో వచ్చిన అటల్ పింఛను యోజనలో చేరుటకును వయస్సు 18 మొదలు 40. నెలకు 1,000 మొదలు 5,000 వరకు కోరిన పింఛనును ఎన్నుకొనవచ్చును. 5,000 పింఛనుకు 18 ఏండ్లవాడు నెలకు 210, 30 ఏండ్లవాడు 577, 40 ఏండ్లవాడు 1,454 రూపాయలు కట్టవలెను. ఆలస్యమున ఎంత భారము పెరుగుచున్నదో ఈ మూడు అంకెలే చెప్పుచున్నవి. చందాదారు గతించినచో జీవిత భాగస్వామికి పూర్తి పింఛను వచ్చును. ఇద్దరి తదనంతరమున నామినీకి నిలువ సొమ్ము చేరును. ఆదాయపు పన్ను కట్టువారు 2022 అక్టోబరు 1 నుండి ఇందులో క్రొత్తగా చేరుటకు వీలులేదు. చందాను నెలకు, మూడు నెలలకు లేక ఆరు నెలలకొకమారు కట్టవచ్చును. పంటల మీద డబ్బు చూచు రైతుకు ఆరు నెలల వాయిదా అనుకూలము.

నడి సంవత్సరమున చూడవలసినవి ఇవి. చందా పట్టుకొను దినమున ఖాతాలో సొమ్మున్నదా? విడతలేమైన తప్పినవా? అటల్ పింఛనులో సంవత్సరమునకొకమారు పింఛను మొత్తమును పెంచుకొనుటకు, తగ్గించుకొనుటకు అవకాశము కలదు. పంట బాగుగా వచ్చిన యేట పెంచుటకు యోచింపవచ్చును. ఒక హెచ్చరిక కూడ చేయవలసియున్నది. నేడు 36 ఏండ్ల రైతుకు 24 ఏండ్ల పిమ్మట 3,000 రూపాయలు చేతికి వచ్చునప్పుడు, పైన చెప్పిన చొప్పున ధరలు పెరిగినచో, దాని విలువ నేటి 750 రూపాయలకు సమానము. కావున ఇది ఇంటికి ఒక నిట్రాడు మాత్రమే. ఇల్లంతయు దానిమీద నిలువదు.

రాష్ట్ర ప్రభుత్వముల వృద్ధాప్య పింఛనులు ఎన్నో కుటుంబములకు గంజి పోయుచున్నవి. ఆంధ్రప్రదేశమున 2024లో ఆ పింఛను నెలకు 4,000 రూపాయలకు పెంచబడెను. తెలంగాణమున 2019లో 2,016 రూపాయలకు పెంచబడెను. అయితే వీనికి భూమి, ఆదాయముల పరిమితులు కలవు. మొత్తములు, అర్హతలు ప్రభుత్వ నిర్ణయములను బట్టి మారుచుండును. కావున వీనిని లెక్కలో "రావచ్చును" అను వరుసలో వ్రాయుడు, "వచ్చును" అను వరుసలో వ్రాయకుడు.

మూడవది: 40 దాటినవారి మాట

"మాకు 40 దాటినవి, మాకిక దారి లేదా?" అని పలువురు అడుగుదురు. దారి కలదు. ముందుగా అప్పు చూచుకొనుడు. నూటికి నెలకు 2 రూపాయల వడ్డీ అనగా సంవత్సరమునకు 24. అట్టి అప్పును తల మీద నుంచుకొని, నూటికి 7, 8 వచ్చు చోట సొమ్ము దాచుట, తూములు మూయకుండ చెరువు నింపుటవంటిది. 3 లక్షల వరకు పంట ఋణమునకు వడ్డీ నూటికి 7. గడువులోగా తీర్చినవారికి రాయితీ పోగా 4 మాత్రమే పడును. బయటి అప్పును తీర్చి, సంఘపు అప్పును గడువునకు కట్టుటయే 40 దాటిన రైతుకు మొదటి పొదుపు.

పిమ్మట పోస్టాఫీసు ప్రావిడెంటు ఫండు. సంవత్సరమునకు 500 మొదలు లక్షన్నర వరకు వేయవచ్చును. గడువు 15 ఏండ్లు. 45వ యేట తెరచినచో 60కి సొమ్ము చేతికందును. ఆ నిలువను అప్పులవారి దావాలలో కోర్టు డిక్రీ క్రింద జప్తు చేయుటకు వీలులేదు. అప్పులతో పొత్తు తప్పని రైతుకు ఇది చిన్న మేలు కాదు. 60 నిండినవారికి వృద్ధుల పొదుపు పథకమున్నది. అందు 30 లక్షల వరకు వేయవచ్చును. వడ్డీని మూడు నెలలకొకమారు ఇత్తురు. 2023 ఏప్రిలున దానిని నూటికి 8.2గా నిర్ణయించిరి. ఆ చొప్పున లక్ష రూపాయలకు మూడు నెలలకు 2,050 రూపాయలు వచ్చును. సొమ్ము వేసిన నాటి రేటు 5 ఏండ్లు మారదు. అయితే క్రొత్తగా వేయువారికి రేటు మారవచ్చును గనుక వేయునాడు విచారించుకొనవలెను.

చెట్లను కూడ పింఛనుగా ఎంచవచ్చును. పొడవు రకపు కొబ్బరి ఆరేడేండ్లకు కాపు పట్టి, బాగుగా పెంచినచో 60 ఏండ్ల వరకు కాయును. మామిడి అంట్లు నాలుగైదేండ్లకు కాపునకు వచ్చును. 45వ యేట గట్టుమీద నాటిన పది కొబ్బరి మొక్కలు, చేతిలో బలము తగ్గు నాటికి ప్రతి నెలయు కొంత చేతికిచ్చును. నడి సంవత్సరపు లెక్కలో చచ్చిన మొక్కలెన్ని, తిరిగి నాటవలసినవెన్ని అనునది కూడ ఒక వరుసగా వ్రాయుడు.

నాలుగవది: సొమ్మెచ్చట నున్నది? ఎవరి పేర నున్నది?

ఇది సహకార పత్రిక గనుక దాపరికము లేకుండ చెప్పుట మా ధర్మము. బ్యాంకులలోని డిపాజిట్లకు 2020 ఫిబ్రవరి 4 నుండి ఒక్కొక్కరికి ఒక్కొక్క బ్యాంకులో 5 లక్షల వరకు భీమా కలదు. అంతకు ముందు అది 1 లక్షయే. జిల్లా సహకార కేంద్ర బ్యాంకులకు ఈ భీమా వర్తించును. గ్రామములలోని ప్రాథమిక పరపతి సంఘములకు వర్తింపదు. సంఘములో దాచవద్దని మేము చెప్పము. సంఘము మనదే. అయితే మనదైనందుననే ప్రతి సభ్యుడును మహాసభకు వచ్చి, ఆడిటు నివేదికను చదివించుకొని, బకాయిలెంత యని అడుగవలెను. ముసలితనపు సొమ్మునంతయు ఒకే గాదెలో పోయరాదు. ఎక్కువ వడ్డీ యని ఊరూరు తిరుగు కంపెనీల రంగు కాగితములను చూచి మోసపోరాదు.

ఇక నామినీ మాట. ఇచట మా తప్పును మేమే చెప్పుకొందుము. మేము 2004 సెప్టెంబరు 1 తరువాత కొలువులో చేరినవారము. ఆ తేదీ తరువాత చేరిన మాబోటి రాష్ట్రోద్యోగులను పాత పింఛను కాక, జీతములో నూటికి 10 పట్టుకొని ప్రభుత్వము అంతే కలుపు చందా పింఛనులో చేర్చిరి. ఊరూర ఈ లెక్కలు చెప్పుచు తిరిగిన మేము, ఒక దసరాకు మా కాగితములను తీసి చూడగా, నామినీ స్థానమున మా తండ్రిగారి పేరే యున్నది. వారు గతించి అప్పటికి నాలుగేండ్లయినది. మాకేదైన జరిగియున్నచో మా యింటివారు ఎన్ని కార్యాలయముల మెట్లు ఎక్కవలసివచ్చెడిదో! చిన్ననాడు మిషను బడిలో మా ఉపాధ్యాయులు లెక్క చేసిన పిమ్మట క్రిందినుండి మీదికి మరల కూడి చూడనిదే పలక దింపనిచ్చెడివారు కారు. ఆ పాఠమును మేమే మరచితిమి. ఆ వారములోనే మార్పించితిమి. మీరును నేడే చూచుకొనుడు.

ఐదవది: భూమి కాగితము

రైతుకు అసలు పింఛను భూమియే. దానిని స్వయముగా సేద్యము చేయలేనప్పుడు కౌలుకియ్యవచ్చును. కౌలు వ్రాయించినచో భూమి పోవునను భయము పలువురికి కలదు. ఆంధ్రప్రదేశమున 2019 నాటి పంట సాగుదారుల హక్కుల చట్టము క్రింద 11 నెలల ఒప్పందము వ్రాసికొన్నచో యజమాని హక్కునకు భంగము లేదు. కౌలును ధాన్యముగా నిర్ణయించుటలో ఒక లాభమున్నది. 75 కిలోల బస్తాలు 60 అనగా 45 క్వింటాళ్ళు. సాధారణ రకము ధాన్యమునకు 2014-15లో కనీస మద్దతు ధర క్వింటాలుకు 1,360. ఆ లెక్కన 61,200 రూపాయలు. 2025-26లో ధర 2,369. అవే బస్తాలకు 1,06,605 రూపాయలు. నాడు రొక్కపు కౌలు కుదుర్చుకొని మరల చూడనివాడు ఏటేట ఎంత పోగొట్టుకొనుచున్నాడో గ్రహింపుడు.

సంతానమునకు భూమి ఇయ్యదలచినవారు దాన పత్రమునకును వీలునామాకును గల భేదమును తెలిసికొనవలెను. వీలునామాను బ్రతికియున్నంత కాలము ఎన్నిమార్లయినను మార్చుకొనవచ్చును, కడపటిదే చెల్లును. ఇద్దరు సాక్షులుండవలెను. రిజిస్టరీ విధి కాకపోయినను చేయించుట మేలు. దాన పత్రము అట్టిది కాదు. రిజిస్టరీ యైన నాడే భూమి చేయి దాటును. తప్పనిసరియై దానము చేయవలసివచ్చినచో, తమ తిండి, వసతి, వైద్యము చూడవలెనను షరతును పత్రములోనే వ్రాయించుడు. 2007 నాటి తల్లిదండ్రుల, వృద్ధుల పోషణ చట్టము 23వ సెక్షను ప్రకారము, అట్టి షరతుండి, పొందినవారు దానిని నెరవేర్పనిచో ట్రిబ్యునలు ఆ పత్రమును రద్దు చేయవచ్చును. ఆ షరతు ముఖ్యమని సుప్రీము కోర్టు 2022లో చెప్పినది. ఈ దరఖాస్తును రెవెన్యూ డివిజనల్ అధికారి కార్యాలయములో ఇయ్యవలెను.

మనము మొదట చెప్పిన పెద్ద రైతు లెక్క వేయనివాడు కాడు. ఆరేండ్ల క్రిందట వేసియే పంచెను. పెద్దవాని సేద్యము, చిన్నవాని కొలువు చూచి, తమకు లోటుండదని తలచెను. నాటికి ఆ లెక్క సరియైనదే. కాలము మారినప్పుడు దానిని దిద్దుటకు ఆయన చేతిలో ఏమియు మిగులలేదు. పత్రములో షరతు లేదు. ఒక ఎకరమైనను తన పేర ఉంచుకొనలేదు. నేడు ఆయనకు సర్కారు వృద్ధాప్య పింఛనొక్కటే ఆధారము.

కావున మా మనవి యిది. మార్చుకొనదగిన ఏర్పాట్లను ఏటేట చూచుకొనుడు. మార్చరాని పత్రముమీద చేయి పెట్టుటకు ముందు పదిమార్లు ఆలోచింపుడు. తమ ఇద్దరి జీవితకాలమునకు చాలినంత భూమిని తమ పేరనే యుంచుకొనుడు. దీపముండగానే ఇల్లు చక్కబెట్టుకొనవలెనని పెద్దలు ఊరక చెప్పలేదు.

రాబోవు దసరాకు పార, కొడవలి కడిగి బొట్టు పెట్టిన పిమ్మట, అదే పీటమీద పాసుపుస్తకము, బ్యాంకు పుస్తకము, పింఛను కాగితము, వీలునామా పెట్టుకొని, భార్యాభర్తలిద్దరును ఒక గంట కూర్చుండుడు. చదువు రానివారు చదువుకొన్న కుమార్తెను గాని, సంఘ కార్యదర్శిని గాని పిలుచుకొనుడు. మేము పొలములకు వచ్చినప్పుడు అడిగినను సంతోషముతో చూచిపెట్టుదుము. వరి పైరు చూడవచ్చిన చోటనే ఈ పైరును కూడ చూతుము.